పాత కారు హీటెక్కుతోందా? రిపేరు ఎంచుకునే ముందు ఎక్కడ ఎక్కుతోందో చూడండి

మే నెల, మధ్యాహ్నం పన్నెండున్నర. విశాఖలో మధురవాడ నుంచి అక్కయ్యపాలెం వస్తున్నాం. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగిన నిమిషానికే హీట్ మీటరు ముల్లు సగం గీత దాటి పైకి పాకడం మొదలుపెట్టింది. ఏసీ కట్టేసి అద్దాలు దించాను. వెనక సీట్లో అమ్మ, "ఏట్రా, ఉడకబెట్టేస్తావా మమ్మల్ని?" అంది. గ్రీన్ పడింది. ఇసుకతోట దాకా కాస్త ఊపు మీద వచ్చేసరికి ముల్లు దానంతటదే దిగిపోయింది. మద్దిలపాలెంలో మళ్లీ ఆగాం. మళ్లీ ఎక్కింది.

జబ్బేమిటో కారు ఆ రోజే చెప్పేసింది. ఆగితే ఎక్కుతోంది, కదిలితే దిగుతోంది. నాకే అర్థం కాలేదు. మాది 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు. తర్వాతి నెల రోజుల్లో ముందు థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని తలుపు) తీయించేశాను, ఆ తర్వాత వాటర్ పంపు కొత్తది వేయించాను. రెండుసార్లూ షెడ్డు నుంచి బయటికొచ్చి రోడ్డెక్కినంతసేపూ బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర మాత్రం కథ మామూలే.

చివరికి ఒక రేడియేటర్ షాపులో పెద్దాయన బానెట్ ఎత్తి, ఏసీ వేయమని, న్యూస్‌పేపర్ షీటొకటి తీసుకొచ్చి గ్రిల్ ముందు పట్టాడు. ఫ్యాన్ తిరుగుతోంది. అంటే పేపరు గ్రిల్‌కి అతుక్కోవాలి. అతుక్కోకపోగా ఎగిరి ఆయన మొహం మీద పడింది. "ఏటి బాబూ, ఫ్యాను ఎనక్కి తిరుగుతుంది. మోటారు మార్చినారేటి?" మార్చాం, మూడు నెలల క్రితం. అప్పుడు వైర్లు రెండూ అటుదిటు కలిపేశారు. బయటి గాలిని రేడియేటర్‌లోంచి లోపలికి లాగాల్సిన ఫ్యాన్, ఇంజన్ దగ్గరి వేడిని తిరిగి రేడియేటర్ మీదికే ఊదుతోంది. బండి స్పీడులో ఉంటే ఎదురుగాలి దాన్ని గెలిచేసేది, అందుకే రోడ్డు మీద తెలిసేది కాదు. వైర్లు మార్చి కలపడానికి పావుగంట పట్టింది.

అందుకని, కూలెంటా (తుప్పు పట్టకుండా రేడియేటర్‌లో పోసే రంగు ద్రావకం) నీళ్లా, కొత్త రేడియేటరా పాతదానికి అతుకా అనే ప్రశ్నలకి వెళ్లేముందు కారు ఏ సందర్భంలో హీటెక్కుతోందో పట్టుకోవాలి. దాన్ని బట్టి సగం ఆప్షన్లు వాటంతటవే కొట్టుకుపోతాయి.

సిగ్నల్, హైవే, ఘాట్, ఇంటి గుమ్మం

మన ఊళ్లో దీనికి వేరే పరికరం అక్కర్లేదు, రోడ్లు చాలు. ఎన్‌ఏడీ దగ్గరో జగదాంబ దగ్గరో నిలబడితే ఎక్కి, కదిలితే దిగిందంటే గాలి సమస్య: ఫ్యాన్ తిరగడం లేదు, ఆలస్యంగా తిరుగుతోంది, నెమ్మదిగా తిరుగుతోంది, లేదా మా బండిలా వెనక్కి తిరుగుతోంది. ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జల్లెడ) రేడియేటర్‌కీ మధ్య సందులో మట్టి, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కున్నా ఇలాగే ఉంటుంది. ఈ లక్షణం కనిపిస్తే వాటర్ పంపు జోలికి వెళ్లకండి.

సిగ్నల్ దగ్గర బాగానే ఉండి, ఆనందపురం దాటి హైవే మీద ఎనభైలో పావుగంట పోయాక ఎక్కితే సమస్య నీళ్ల ప్రవాహంలో ఉంది. గాలి కావలసినంత వస్తోంది, కానీ ఇంజన్ వేడిని మోసుకెళ్లే నీళ్లు చాలినంత తిరగడం లేదు. రేడియేటర్ లోపల చోక్ అవడం, పంపు రెక్కలు తుప్పుకి కరిగిపోవడం, వాల్వ్ సగమే తెరుచుకోవడం, కింది హోస్ పైపు మెత్తబడి పీల్పుకి నొక్కుకుపోవడం, ఇవీ అనుమానితులు. చివరిదాన్ని చూడాలంటే ఇంజన్ వేడెక్కాక ఒకరు ఎక్సిలరేటర్ తొక్కుతుంటే మరొకరు దూరంగా నిలబడి కింది పైపుని గమనించాలి. చప్పిడి అవుతుంటే అదే దొంగ. కొత్త హోస్‌తో పోతుంది.

ఊళ్లో, హైవేలో ఏ గొడవా లేక ఎస్.కోట దాటి టైడా, అనంతగిరి ఎక్కుతున్నప్పుడే ముల్లు కదిలితే, సిస్టమ్ మొత్తం అంచు మీద ఉందని అర్థం. ఏదో ఒకటి పూర్తిగా పోలేదు, అన్నీ కొంచెం కొంచెం నీరసించాయి. సింహాచలం కొండ చిన్నది కాబట్టి అక్కడ బయటపడకపోవచ్చు. అరకు వెళ్లాలంటే 115 కిలోమీటర్ల దాకా ఉంది, ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఏసీతో ఎక్కుతుంటే ఇంజన్ చెమటోడ్చాల్సిందే.

నాలుగోది ఇంటి దగ్గరే తెలుస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఐదు నిమిషాల్లోపే ముల్లు పైకెళ్తే, నీళ్లు బాగా తగ్గి ఉండాలి, లోపల గాలి బుడగ ఇరుక్కుని ఉండాలి, వాల్వ్ మూసుకుపోయి ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండాలి. ఇది కనబడితే బండి బయటికి తీయకండి.

ఇవేవీ కాక ముల్లు ఒక్కసారి పైకి ఎగిరి, గతుకులో పడగానే దిగిపోతుంటే ఇంజన్‌ని తిట్టుకోనక్కర్లేదు. మీటరు సెన్సర్, దాని ఎర్త్ వైరు చూపించండి.

పొద్దున్న పూట పది నిమిషాలు

రాత్రంతా ఆగిన బండికి, చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ప్రెషర్‌తో మొహం మీదికి చిమ్ముతాయి, కాలిన మచ్చలు జీవితాంతం ఉంటాయి. నీళ్లు మూతి దాకా ఉండాలి. పక్కనున్న కూలెంట్ బాటిల్‌లో నిండుగా ఉంది కదా అని చాలామంది రేడియేటర్ చూడరు. మూత రబ్బరు పోతే బాటిల్ నిండుగా ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది.

నీళ్ల రంగు చూడండి. ఆకుపచ్చో, ఎరుపో, నీలమో కూలెంట్ రంగు ఉంటే సరే. ఇటుక రంగు ఉంటే లోపల తుప్పు. పైన నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గురించి కింద రాసింది చదవండి.

ఇప్పుడు మూత పెట్టి ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేయండి. ఏసీ ఉన్న చాలా కార్లలో ఏసీతోపాటు ఫ్యాన్ తిరుగుతుంది. అప్పుడు తిరిగి, ఏసీ ఆపాక ఇంజన్ ఎంత వేడెక్కినా తిరగకపోతే మోటారు బాగుంది, దాన్ని ఆన్ చేయమని చెప్పాల్సిన థర్మో స్విచ్చో సెన్సరో పోయింది. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూడండి, ఎందుకంటే చవక నుంచి ఖరీదుకి వెళ్లే వరస కూడా అదే. పాతకాలం బండ్లలో రేడియేటర్ కిందనే రెండు వైర్ల స్విచ్ ఉంటుంది. ఆ రెండు వైర్లూ పీకి ఒకదానికొకటి తగిలిస్తే ఫ్యాన్ తిరిగిందంటే స్విచ్ మారిస్తే చాలు. ఇక పేపరు పరీక్ష ఎలాగూ చెప్పాను. చిన్న కార్లలో చాలావాటికి ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజన్ వైపు ఉంటుంది, కాబట్టి ముందు పట్టిన పేపరుని అది లాక్కోవాలి.

కొందరు ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కొంటున్నారు. మంచిదే, కానీ మెరిసే అల్యూమినియం మీద పెడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నల్లటి రబ్బరు పైపు మీద పెట్టండి, లేదా కొలవాల్సిన చోట నల్ల టేపు ముక్క అంటించి దాని మీద పెట్టండి. ఫోన్‌కి కలిపే స్కానర్లు కొత్త బండ్లకి బ్రహ్మాండం. 2010కి ముందు బండ్లలో చాలావాటితో అవి మాట్లాడవు, ఊరికే డబ్బు దండగ.

వాల్వ్ ఉంచాలా, తీసేయాలా

"మన ఊరి ఎండకి వాల్వ్ ఎందుకండీ, అది చలిదేశాల వాళ్లకి" అన్న మాట మీరూ వినే ఉంటారు. నేను విన్నాను, నమ్మాను, తీయించాను. రోడ్డు మీద ముల్లు చల్లటి వైపే పడి ఉండేది, మైలేజీ లీటరుకి రెండు కిలోమీటర్లు పడిపోయింది. ఇంజన్‌కి సరైన వేడి రాకపోతే కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఆ ఎక్కువ పెట్రోల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. పైగా అసలు జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది.

ఇంకో చిక్కుంది. కొన్ని ఇంజన్లలో, ముఖ్యంగా చాలా డీజిల్ బండ్లలో, వాల్వ్ తెరుచుకుంటూనే పక్కదారిని మూసేస్తుంది. అలాంటిదాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా ఆ పక్కదారినే ఇంజన్‌లో తిరుగుతుంటాయి, బండి ఇంకా ఎక్కువ హీటెక్కుతుంది.

పేపరు పరీక్ష అయిన రోజు సాయంత్రం డాష్‌బోర్డు పెట్టెలో ఆ పాత వాల్వ్ దొరికింది. అంచు మీద 82 అని చెక్కి ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. పాత సత్తు గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని గిన్నె అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాను. అమ్మ వచ్చి చూసి, "ఏట్రా అది, పులుసులోకా?" అంది. నీళ్లలో చిన్న చిన్న బుడగలు లేచి, ఇంకా తెర్లకముందే, మధ్యలో రాగి బిళ్లలాంటిది నెమ్మదిగా కిందికి జరిగి చుట్టూ సన్నటి సందు పడింది. లోపలున్న మైనం వేడికి ఉబ్బి దాన్ని తోస్తుంది. నీళ్లు మరిగేసరికి వాల్వ్ పూర్తిగా తెరుచుకుంది. స్టవ్ కట్టేసి చల్లారనిస్తే మూసుకుంది. ఏ లోపమూ లేని వాల్వ్‌ని నేను డబ్బిచ్చి తీయించాను.

కాబట్టి ఎంపిక తేలిక. తీసి మరిగించి చూడండి. మరిగే లోపు తెరుచుకోకపోతే అదే డిగ్రీలది కొత్తది వేయండి, వందల్లో తేలిపోతుంది. రోడ్డు మధ్యలో మూసుకుపోయి ఇల్లు చేరాలంటే తీసేయడంలో తప్పు లేదు. ఆ వారంలో కొత్తది వేయించాలి.

ఫ్యాన్ "డైరెక్ట్" కూడా ఈ కోవలోదే. ఇగ్నిషన్ వేయగానే ఫ్యాన్ తిరిగేలా వైరు లాగేస్తారు. ఊరికి చేరడానికి మంచి ఉపాయం. అలాగే వదిలేస్తే పొద్దున స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి తిరిగి తిరిగి మోటారు బ్రష్‌లు అరిగిపోతాయి, పాత బ్యాటరీ మీద భారం. అసలు చెడింది రిలేనో స్విచ్చో మాత్రమే అయినప్పుడు ఈ పని ఎందుకు? ఒక్క మాట ఒప్పుకోవాలి: దొరకని మోడల్ సెన్సర్ల కోసం నెలలు తిరిగే పాత బండివాళ్లకి డైరెక్ట్ తప్ప దారి ఉండదు. అలాంటప్పుడు వైరు మధ్యలో ఫ్యూజు, రిలే రెండూ పెట్టించుకోండి. లేకపోతే వైరింగ్ కాలిపోతుంది.

నీళ్లా, కూలెంటా

మనకి గడ్డకట్టే చలి లేదు. లంబసింగి పోతే తప్ప ఆ మాటే రాదు. మరి కూలెంట్ ఎందుకు అంటే, తుప్పు కోసం. వేడిని మోయడంలో నిజానికి నీళ్లే కూలెంట్ కన్నా మెరుగు, ఇది చాలామంది తలకిందులుగా చెప్తారు. నీళ్లు చేయలేనిది ఇనుము, అల్యూమినియం రెండూ ఉన్న ఇంజన్‌ని లోపల తినేయకుండా కాపాడటం. బోరు నీళ్లు పోస్తే ఇంకా దారుణం. మన తీరం వెంబడి చాలా బోర్లలో ఉప్పదనం ఉంటుంది, గీజర్‌లో పేరుకునే తెల్లటి గారే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

నేను పోసేది 30 పాళ్లు కూలెంట్, 70 పాళ్లు డిస్టిల్డ్ వాటర్, అదే, బ్యాటరీలో పోసే నీళ్లు. సగం సగం పోసినా తప్పేం లేదు, మన వాతావరణానికి అవసరం లేదు. డబ్బా మీద "నేరుగా పోయండి" అని ఉన్న రెడీమేడ్ రకమైతే మళ్లీ నీళ్లు కలపకండి. రంగుని బట్టి రకం చెప్పలేం, కంపెనీకో రంగు వేస్తారు. లోపల ఉన్నదేమిటో తెలియకపోతే మొత్తం దింపేసి, కడిగి, ఒకే రకం పోయడం మేలు. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు బురదలా విడిపోతాయి. దింపిన పాత కూలెంట్ వీధిలో వదలకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

పోశాక లోపలి గాలి పోవాలి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ ఉంటే ఫుల్‌లో పెట్టి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచాలి. జాకీ ఎందుకు, విశాఖలో ఏటవాలు వీధులకి కొదవా? నేను సీతమ్మధారలో కొండకేసి ఎక్కే ఒక వీధిలో పెడతాను. హ్యాండ్‌బ్రేక్ మీద నమ్మకం లేకపోతే చక్రం కింద రాయి పెట్టండి.

మూత గురించి రెండు ముక్కలు

అన్నింటికన్నా చవకైనదీ, అందరూ వదిలేసేదీ రేడియేటర్ మూతే. దాని మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అంత ప్రెషర్ పట్టి ఉంచుతుందన్నమాట. మామూలుగా 100 డిగ్రీలకి మరిగే నీళ్లు 0.9 మూత కింద సుమారు 118 దాకా మరగవు. మూత స్ప్రింగు నీరసిస్తే ఆ లాభం పోతుంది. అరకులాంటి ఎత్తులో, అంటే సముద్రమట్టానికి 900 మీటర్లు దాటాక, తెరిచిన గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. ఊళ్లో బాగున్న బండి ఘాట్‌లో పొంగడానికి ఒక కారణం ఇది. అనుమానం ఉంటే కొత్త మూత కొనేయండి, అదే నంబరుది. ఎక్కువ నంబరు వేస్తే పాత హోస్‌లు చిట్లుతాయి.

రేడియేటర్: కడగడమా, అతుకా, కొత్తదా

ఇక్కడ మన ఊరి ఉప్పుగాలి గురించి చెప్పాలి. బీచ్ రోడ్డులోనో, భీమిలి వైపో ఆరుబయట పెట్టే బండ్ల రేడియేటర్‌ని దగ్గరగా చూడండి. గొట్టాల మధ్య జల్లెడలా ఉండే సన్న రేకులు పైకి బాగానే కనిపిస్తాయి. వేలితో గీరితే మాడిన అప్పడంలా పొడి పొడిగా రాలతాయి. వేడిని గాలికి అప్పజెప్పేది ఆ రేకులే. అవి పోయిన రేడియేటర్‌ని లోపల ఎంత కడిగినా దండగే. నీళ్లు కారకపోయినా అది చచ్చినట్టే లెక్క.

రేకులు గట్టిగా ఉండి, బయట మట్టి మాత్రమే ఉంటే విప్పి కడిగించండి. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో. వాషింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు పడుకుండిపోతాయి. లోపల చోక్ అయితే రకాన్ని బట్టి ఉంటుంది. పాత అంబాసిడర్లు, జీపుల్లోని రాగి, ఇత్తడి రేడియేటర్లకి పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో సన్న ఊచ తోసి శుభ్రం చేసి మళ్లీ టంకం పెడతారు. అది చేయతగ్గ పని, ఆ రేడియేటర్లు తరాలు బతుకుతాయి. చిన్న కార్లలో వచ్చేది అల్యూమినియం కోరు (మధ్యలో గొట్టాలు, రేకుల భాగం), ప్లాస్టిక్ ట్యాంకులు. పదిహేనేళ్లకి ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి పెళుసెక్కుతుంది. దానికి పగులు వస్తే ఎమ్‌సీల్ పూస్తారు, వేడికి వ్యాకోచించి మళ్లీ వదులుతుంది. ఇలాంటిదానికి నా ఓటు కొత్త రేడియేటర్‌కే. ఒరిజినల్ దొరక్కపోతే పేరున్న కంపెనీ బయటి మాల్ తీసుకోండి. స్క్రాప్ షాపులోది ఒరిజినలే కావచ్చు, అది కూడా అదే వయసుదని మర్చిపోకండి.

లీకు ఆపే పొడులు, ద్రావకాలు? లారీ డ్రైవర్లు పసుపు పోసేవారు, ఇప్పటికీ పోస్తారు. చిన్న బెజ్జమైతే ఆగుతుంది కూడా. కానీ బెజ్జాన్ని మూసే వస్తువుకి బెజ్జమేదో, గొట్టమేదో తెలియదు. అర్ధరాత్రి అనంతగిరిలో ఇరుక్కుంటే పసుపు పోయండి, ఇంటికొచ్చాక మొత్తం కడిగించండి.

వాటర్ పంపు గురించి పెద్దగా తర్జనభర్జన లేదు. కింద చిన్న రంధ్రంలోంచి నీళ్లు చుక్కలు పడినా, పుల్లీ పట్టి ఊపితే ఆడినా మార్చాల్సిందే, రిపేరు కిట్లు వద్దు. మీ బండిలో పంపు టైమింగ్ బెల్ట్‌తో తిరిగేదైతే రెండూ ఒకేసారి మార్చండి, విప్పే కూలి ఒక్కటే కదా.

హెడ్ దాకా వెళ్తే

ఇక్కడ ఖర్చు వందల నుంచి వేలకి మారుతుంది, కాబట్టి రుజువు లేకుండా ఒప్పుకోకండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావడం, ఎక్కడా లీకు లేకుండా నీళ్లు మాయమవడం, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా తెల్లటి పొగ రావడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా ఉండటం. వీటిలో రెండు కలిస్తే అనుమానం గట్టిదే. ఒక్క ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటిది చూసి టెన్షన్ పడకండి. మన తేమకి, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లకి అది మామూలు. కొందరి దగ్గర రేడియేటర్ మూతి మీద పెట్టే నీలం ద్రావకం పరీక్ష ఉంటుంది, పెట్రోల్ బండిలో ఇంజన్ గ్యాస్ నీళ్లలోకి వస్తుంటే అది పసుపు రంగుకి మారుతుంది. అది అడిగి చేయించుకోండి.

రుజువైతే దారులు మూడు. హెడ్ దించి, లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు సమంగా చెక్కడం) చేయించి కొత్త గ్యాస్కెట్ వేయడం మొదటిది. హెడ్ మీద స్కేలు పెట్టి వంపు కొలుస్తారు, చాలా చిన్న కార్లకి 0.05 మిల్లీమీటర్ దాటితే ఫేసింగ్ కావాలి. వంపు చూసి ఊరుకోకుండా పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ కూడా చేయించండి, అది ఎగ్గొడితే నెల తిరక్కుండా మళ్లీ దించాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానా), వరస ప్రకారం బిగిస్తున్నారా లేదా దగ్గరుండి చూడండి. అంతకన్నా ముఖ్యం, హెడ్ ఎందుకు పోయిందో ఆ ఫ్యాన్‌నో రేడియేటర్‌నో బాగుచేయకుండా హెడ్ బిగిస్తే ఉపయోగం లేదు.

రెండోది పాత ఇంజన్ తెచ్చి వేయడం. హెడ్ పగిలినప్పుడు, సిలిండర్ బోరు కూడా అరిగి ఆయిల్ తాగుతున్నప్పుడు మాత్రమే లెక్క కుదురుతుంది. దాని చరిత్ర మీకు తెలియదు, నంబరు మారితే ఆర్సీలో ఎక్కించుకోవాలి. మూడోది అమ్మేయడం. ఆర్సీ మొదట 15 ఏళ్లకి, ఆ పైన ఐదేసి ఏళ్లకి రెన్యువల్ అవుతుంది. మీది ఏడాదిలో అయిపోతుంటే ఫిట్‌నెస్, పన్ను, హెడ్ పని మూడూ కలిపి కూడండి. ఇంకా నాలుగేళ్లుండి, బాడీకి తుప్పు లేకపోతే మొదటి దారే నయం. బాడీ ఉప్పుగాలికి తినేసి ఉంటే ఇంజన్ మీద డబ్బు పోయకండి.

ఎవరి దగ్గరికి

కంపెనీ సర్వీస్ సెంటర్లో పార్టు నమ్మకం, బిల్లు ఉంటుంది. కానీ పాత మోడల్‌కి రిపేరు కన్నా మొత్తం సెట్టు మార్చడం వైపే మొగ్గుతారు. వీధి చివరి షెడ్డు చవక, మనిషి తెలిసినవాడు, అలవాటు ప్రకారం మొదట వాల్వ్ మీద పడతాడు. గాలి సమస్య అయితే ఆటో ఎలక్ట్రీషియన్, రేకులు, గొట్టాలైతే రేడియేటర్ పని మాత్రమే చేసే షాపు, హెడ్ అయితే లేత్ షాపులు పక్కనే ఉండే గాజువాక ఆటోనగర్. నేనైతే ఇలా పంచుకుంటాను. ఎక్కడికెళ్లినా "హీటెక్కుతోంది, చూడండి" అనకుండా "ఆగితే ఎక్కుతోంది, కదిలితే దిగుతోంది" అని చెప్పండి. తీసిన పాత పార్టు ఇవ్వమనండి. నా పాత పంపు ఇంట్లో ఉంది, రెక్కలన్నీ పదునుగానే ఉన్నాయి.

దారిలో ముల్లు ఎర్ర గీతకి చేరితే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌లో పెట్టండి. చెమటతో తడిసిపోతారు, అయినా అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. దిగకపోతే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. అరగంట పైనే ఆగాలి. ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగిలేది అప్పుడే. ఇంకో కిలోమీటరే కదా అనిపిస్తుంది. ఆ కిలోమీటరు ఖరీదు టోయింగ్ బండి కన్నా చాలా ఎక్కువ.

మా బండికి ఇప్పుడు ఆ 82 వాల్వే మళ్లీ వేయించాను, మైలేజీ తిరిగి వచ్చింది. ఆర్సీ 2029 దాకా ఉంది. ఈలోగా హెడ్ పోతే అమ్మేస్తాను, బాడీ కింద తుప్పు మొదలైంది. ఫ్యాన్ మోటారు పోతే మార్పిస్తాను. ఈసారి పేపరు నేనే తీసుకెళ్తాను.